అమ్మ క్వార్టర్లో ఉండని మనిషి

మొన్నామధ్య మా విల్లా వాచ్‌మన్ వచ్చి, రేపు తనిఖీకి వస్తున్నారు, గదికి ఇద్దరికన్నా ఎక్కువ మంది కనబడితే ఓనరు ఊరుకోడని చెప్పి వెళ్ళాడు. దోహాలో ఈ అల్ తుమామా వైపు ఉండే మాలాంటి వాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. మూడో మంచం మడిచి మెట్ల కిందికి తోశాం. మూడో మనిషి చెప్పులు, లుంగీ, షేవింగ్ సామాను ఒక సంచిలో కుక్కి కారు డిక్కీలో పడేశాం. మూడో మనిషిని కాసేపు సూపర్‌మార్కెట్లో తిరిగి రమ్మని పంపేశాం. ఇదంతా చేస్తుంటే నాకు నవ్వాగలేదు. ఒకప్పుడు ఇదే గదిలో మాతో ఉండి, తరవాత ఒమన్ ప్రాజెక్టుకు వెళ్ళిపోయిన ఒకాయన గుర్తొచ్చాడు.

పేరు రాయను. రాస్తే ఫోన్ చేసి మరీ "పర్మిట్ తీసుకున్నావా బ్రదర్" అని అడుగుతాడు. మేమంతా ఆయన్ని పర్మిట్ గారనే పిలిచేవాళ్ళం.

మెసయీద్‌లో మా ప్లాంటుకు ఆయన సేఫ్టీ సూపర్‌వైజరు. ప్లాంటులో ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు ఆయన సంతకం ఉండాలి. ఏం పని, అందులో ఏం ప్రమాదం, దానికి తీసుకునే జాగ్రత్తేమిటి, ఇవన్నీ తేలాకే సంతకం. దాన్నే పర్మిట్ అంటారు. మిగతావాళ్ళం ఆ పద్ధతిని సాయంత్రం గేటు దగ్గర వదిలేసి బస్సెక్కేవాళ్ళం. ఈయన ఇంటికి వెంటబెట్టుకొచ్చేవాడు.

శుక్రవారం చికెన్ వండే ముందు మమ్మల్ని వంటింటి గుమ్మం ముందు వరసగా నిలబెట్టేవాడు. "ఈ రోజు పని చికెన్ కూర. ప్రమాదాలు: వేడి నూనె, కత్తి, రాజన్న." రాజన్న మా రూమ్మేటు, నిజామాబాద్ వైపు మనిషి, క్రేన్లకు బరువులు కట్టే రిగ్గరు. ఒకసారి ఆవిరి పోకముందే కుక్కర్ మూత లాగాడు. అప్పట్నుంచి ప్రమాదాల్లో ఆయన పేరు ఖాయమైపోయింది. రాజన్న ఊళ్ళో లేని వారం కూడా పర్మిట్ గారు ఆ పేరు చదివేవాడు.

ఎవరు ఏ కబురు చెప్పినా, దానికి తీసుకున్న జాగ్రత్తేమిటని ఆయన అడిగే ప్రశ్న ఒకటే: "కంట్రోల్ మెజర్ ఏంటి?" నా కూతురికి జ్వరమని చెప్పినా అదే, రాజన్న మేనల్లుడికి పెళ్ళి కుదిరిందని చెప్పినా అదే. ఆరాధనలో పాస్టరు గారు అందరినీ కళ్ళు మూసుకోమంటే ఈయన మాత్రం తెరుచుకుని నిలబడేవాడు. ఇంతమంది ఒక్కసారిగా కళ్ళు మూసుకుంటే తలుపు వైపు ఎవరు చూస్తారని ఆయన బాధ. పాస్టరు గారు మొదట్లో నొచ్చుకున్నారు. తరవాత "కళ్ళు మూసుకుందాం, మన బ్రదర్ తప్ప" అని ఆయనే అనడం మొదలుపెట్టారు.

ఇలాంటి మనిషికి వాళ్ళమ్మ ఇల్లు కొనే పని వచ్చిపడింది.

ఆయనది కృష్ణా జిల్లాలో ఒక చిన్న పట్నం. తల్లి అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. ఉద్యోగంలో ఉండగా ఇచ్చిన మున్సిపల్ క్వార్టర్లోనే, అద్దె కట్టుకుంటూ ఇంకా ఉంటోంది. ఒక గది, ఒక వంటిల్లు, వెనక ఎవరికీ చెప్పకుండా వేసుకున్న రేకుల వసారా. చెల్లెలు భర్త పోయాక కుట్టుమిషనుతో సహా తల్లి దగ్గరికి వచ్చేసింది. అయితే క్వార్టర్లో పెళ్ళయిన పిల్లలు ఉండకూడదని నిబంధన. కాబట్టి చెల్లెలు ఆ ఇంట్లో ఉంటోంది, కానీ ఉండటం లేదు.

ఆ వీధి వీధంతా అదే బతుకు. తనిఖీ వాళ్ళు మలుపు తిరగ్గానే కుళాయి దగ్గరున్న వాళ్ళెవరో "నీళ్ళొచ్చాయి" అని కేకేసేవాళ్ళు. ఆ కేక వినగానే ప్రతి ఇంట్లోంచీ అదనపు మనుషులు పెరటి గుమ్మంలోంచి జారుకునేవాళ్ళు. అల్లుళ్ళు, మనవలు, మేకలు అన్నీ మాయం. ముసలమ్మ గుమ్మంలో నిలబడి "నేనొక్కదాన్నేనయ్యా" అని చెప్పేది. అన్నేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా దొరకలేదు. నిజంగా నీళ్ళొస్తే మాత్రం ఆ వీధిలో బిందె పట్టుకుని ఎవరూ బయటికి వచ్చేవాళ్ళు కారట.

ఉన్నట్టుండి ఆ క్వార్టర్లను అందులో ఉంటున్న కుటుంబాలకే అమ్మేయాలని నిర్ణయించారు. తల్లి పెద్దదైపోతే, ఆమెతోపాటు ఆ ఇంట్లోనే కాపురముంటున్న బిడ్డ కొనుక్కోవచ్చు. కానీ ఒక్క బిడ్డే. ఇంట్లో ఉంటున్న వారసులు ఇద్దరని తేలితే వాళ్ళ తగువు తేలేదాకా ఫైలు పక్కన పెడతారు. గడువు దాటితే ఇల్లు వేలానికి పోతుంది. అంటే, ఇన్నాళ్ళూ ఎవరెవరు లేరని చెప్పారో వాళ్ళంతా ఉన్నారని ఇప్పుడు చెప్పాలి. పర్మిట్ గారు ఆ సంగతి మాకు చెప్పినప్పుడు నిజంగానే తల పట్టుకున్నాడు. డబ్బు సంగతి అన్నాచెల్లెళ్ళు ఎలాగో చూసుకున్నారు. చిక్కంతా తనిఖీతోనే.

"అమ్మను చూసుకుంటున్నది అది బ్రదర్. ఇల్లు దానిదే కావాలి. తేడా వస్తే ఇద్దరూ వీధిలో పడతారు," అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో హాస్యం వెతికినా లేదు.

తరవాత ఆయన చేసిన పనికి మాత్రం మేము ముక్కున వేలేసుకున్నాం. ప్లాంటులో పెద్ద మరమ్మతుకు ముందు చేసినట్టు ఈ తనిఖీకి కూడా డ్రిల్ చేయాలన్నాడు. ఎరుపూ తెలుపూ చారల టేపు తెచ్చి మా హాలు నేల మీద అమ్మ క్వార్టరు మొత్తం అసలు కొలతలతో గీశాడు. ఇదిగో గది, ఇదిగో వంటిల్లు, ఇక్కడ మంచం, ఇక్కడ మిషను. ఇల్లంతా పట్టేశాక సోఫాకు కూడా చోటు మిగిలింది. మేము గోడ దాటి నడిస్తే ఊరుకునేవాడు కాదు, తలుపులోంచి తిరిగి రమ్మనేవాడు.

ప్రతి శుక్రవారం ఆరాధన నుంచి వచ్చాక రిహార్సల్. రాజన్న ఇన్‌స్పెక్టరు. నేను అమ్మను. తువ్వాలు భుజం మీద కప్పుకుని, మీసంతో, టేపు గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఎదురుగా వీడియో కాల్‌లో అసలు అమ్మ, పక్కన చెల్లెలు. నేను చేసి చూపిస్తే ఆవిడ నేర్చుకోవాలని ఏర్పాటు. ఆవిడ నేర్చుకోకపోగా నన్ను దిద్దేది. నేనంత వంగి నడవను, ఈ బాబుకి నడుము నొప్పేమో మందు రాయించండి అనేది.

రాజన్న ఆ వేషంలో ఎంత లీనమయ్యాడంటే, షర్టు టక్ చేసుకుని, చంకలో పాత క్యాలెండర్ ఒకటి పెట్టుకుని వచ్చేవాడు. "ఏమవ్వా, గీ మిషన్ ఎవలది?" అని గద్దించేవాడు.

"ఎవరో పెట్టిపోయారయ్యా," అనేది అమ్మ ఠక్కున. మిషను సొంతదారు పక్కనే కూర్చుని ఉండేది.

అంతకంటే చెల్లెలితో ఇబ్బంది. రాజన్న ఇక్కడ దోహాలో టేబుల్ మీద తలుపు కొట్టినట్టు కొడితే చాలు, అక్కడ ఫోన్‌లోంచి చెల్లెలు మాయమయ్యేది. ఎక్కడికెళ్ళావే అని అరిస్తే పెరట్లోంచి రొప్పుతూ వచ్చి, "కాళ్ళు వాటంతటవే వెళ్ళిపోయాయి అన్నయ్యా," అనేది. పర్మిట్ గారు ఓపిగ్గా మళ్ళీ మొదటికొచ్చేవాడు. ఆమెను కదలకుండా కుర్చీలో కూర్చోబెట్టడానికే చాలా వారాలు పట్టింది.

పాపం అమ్మకు నిజం చెప్పడం నేర్పడానికి మేమంతా అలా కష్టపడ్డాం. నా కూతురు నాతోనే ఉంటుంది, మిషను దానిదే, రెండో మంచం దానిదే. ఉన్న మాటే. ఆ ఉన్న మాటే ఎంత బట్టీపట్టించాడంటే, ఆవిడ చెబుతుంటే పచ్చి అబద్ధంలా వినిపించేది. సండే స్కూల్ పిల్లలు వాక్యం అప్పజెప్పినట్టు చేతులు కట్టుకుని పైకి చూస్తూ చెప్పేది. "సారు నమ్మడు. నేనైతే జైల్ల ఏస్తా," అని రాజన్న తీర్పు చెప్పాడు.

చివరికి అన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప. నీ కొడుకు ఎక్కడుంటాడు అని అడిగితే, "వాడిక్కడ ఉండడు సార్, ఇంటితో వాడికి సంబంధం లేదు," అనాలి. ఆవిణ్ణి ఎన్నిసార్లడిగినా, "డ్యూటీకెళ్ళాడండి, వచ్చేస్తాడు," అనేది. ఆయన ఇంటర్ అయ్యాక ఊరు వదిలిన మనిషి. హైదరాబాదు, బొంబాయి, ఆ తరవాత ఖతర్. ఆవిడ లెక్కలో మాత్రం పొద్దున డ్యూటీకెళ్ళిన పిల్లవాడు ఇంకా రాలేదు, అంతే. కొడుకు బతిమాలాడు, కసిరాడు, నాతో చెప్పించాడు. ఆవిడ నన్ను చూసి, "మీ అమ్మగారు మీ గురించి అలా చెబుతారా బాబూ?" అంది. నేను భుజం మీది తువ్వాలు తీసి మడిచాను.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఎవరి పెళ్ళికీ చావుకీ సెలవు పెట్టని మనిషి ఆ రోజు పెట్టాడు. నాచేత కూడా పెట్టించాడు. రాజన్నకు ఎలాగూ నైట్ డ్యూటీ. పొద్దున్నే ముగ్గురం టేపు ఇంట్లో కూర్చున్నాం. పర్మిట్ గారు హాల్లో సేఫ్టీ షూ వేసుకుని కూర్చున్నాడు. ఎందుకని మేము అడగలేదు. అక్కడ చెల్లెలు ఫోన్‌ను మిషను మీద నిలబెట్టింది. గది, గుమ్మం చక్కగా కనబడుతున్నాయి. చెల్లెలు కుర్చీలో, అమ్మ మంచం మీద.

వీధిలో ఎవరో పాపం, మంచికే అనుకుంటా, "నీళ్ళొచ్చాయి" అని కేకేశారు.

కుర్చీ ఖాళీ.

ఇన్‌స్పెక్టరు లోపలికి వచ్చాడు. కుర్రవాడే, బైక్ మీద వచ్చినట్టున్నాడు, హెల్మెట్ చేతిలో ఉంది. "హెల్మెట్ పెట్టుకున్నాడు, మంచివాడే," అని పర్మిట్ గారు గొణిగాడు. ఆ మంచివాడు ఇంకా నోరు తెరవకముందే అమ్మ చేతులు కట్టుకుని పాఠం మొత్తం ఒక్క గుక్కలో అప్పజెప్పింది. కూతురు నాతోనే ఉంటుంది, మిషను దానిదే, మంచం దానిదే. ఆయన తలాడించి, ఆవిడ ఎక్కడమ్మా అని అడిగాడు.

"ఎవరయ్యా?" అంది అమ్మ.

రాజన్న చంకలోని క్యాలెండర్ జారి కిందపడింది. పర్మిట్ గారు ఫోన్‌లోకి వంగి చెల్లెల్ని పేరు పెట్టి అరిచాడు. ఆమె పెరట్లోంచి రాకుండా, ఇంటి చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి వచ్చింది. అచ్చం అప్పుడే ఎవరో కబురు పెట్టి పిలిపించినట్టుంది. ఇన్‌స్పెక్టరు ముఖంలో అనుమానం మాకు ఇక్కడికి కనబడింది. అయిపోయింది అనుకున్నాం.

అప్పుడాయన మంచినీళ్ళు అడిగాడు. చెల్లెలు తెచ్చి ఇచ్చింది. అమ్మ ఆ గ్లాసు వైపు చూసి, వచ్చినాయనకి సొట్ట గ్లాసు ఇస్తావా అంది. మంచి గ్లాసులు నువ్వే కదా అటక మీద దాచావు అంది చెల్లెలు. దాచకపోతే నువ్వు మిషను నూనె పోసుకుంటావు కదా అంది అమ్మ. అక్కణ్ణుంచి తగువు ఫ్యాను మీదికి పోయింది, ఫ్యాను నుంచి పక్కింటి పిల్లి మీదికి, పిల్లి నుంచి పొద్దున ఎవరు ముందు స్నానానికి వెళ్ళాలన్న దాని మీదికి. ఇద్దరూ ఆయన్ని పూర్తిగా మరిచిపోయారు. ఇవేవీ మేము నేర్పినవి కావు. ఇన్‌స్పెక్టరు సొట్ట గ్లాసులో నీళ్ళు నిదానంగా తాగి, మీరిద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారని నాకు అర్థమైందమ్మా అని రాసుకున్నాడు. రాజన్న లేచి చిందేశాడు. గోడ తొక్కినా పర్మిట్ గారు ఏమీ అనలేదు.

ఇన్‌స్పెక్టరు రాస్తూ రాస్తూ, కొడుకులెవరైనా ఉన్నారా అని అడిగాడు.

"ఒక్కడేనండి. డ్యూటీకెళ్ళాడు, వచ్చేస్తాడు," అంది అమ్మ.

పెన్ను ఆగింది. అయితే ఆయన కూడా ఇక్కడే ఉంటాడా అన్నాడు. వాడిల్లు ఇదైతే వాడు మరెక్కడుంటాడండి అంది ఆవిడ. చెల్లెలు బిత్తరపోయి ఫోన్ వైపు చూసింది. ఇద్దరు వారసులంటే ఫైలు పక్కకు పోయినట్టే. పర్మిట్ గారు ఫోన్ దగ్గరికి జరిగాడు.

"సార్, నేనేనండి ఆ కొడుకుని. నేనక్కడ ఉండనండి. ఖతర్‌లో ఉంటాను."

ఇన్‌స్పెక్టరు మిషను ముందుకు వచ్చి వంగి చూశాడు. "ఎప్పుడూ ఉండలేదా ఈ ఇంట్లో?"

"పుట్టింది అక్కడేనండి."

"పుట్టడం కాదండి, ఉండడం."

"అయితే ఉండనండి."

"మరి సెలవుకి వస్తారు కదా, అప్పుడు?"

పర్మిట్ గారు మా ఇద్దరి వైపు చూశాడు. దీనికి ఎవరమూ రిహార్సల్ చేయలేదు. నేలమీద మంచం గీసిన చోటు వైపు చూశాడు.

"లాడ్జిలో ఉంటానండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టరు అది కూడా రాసుకున్నాడు. అమ్మ ఆయన్ని తోసుకుని ఫోన్ ముందుకు వచ్చింది. అంత కోపంలో ఆవిణ్ణి మేమెప్పుడూ చూడలేదు. "గవర్నమెంటాయన ముందు అబద్ధం చెబుతావేంట్రా? నిన్నిలాగే పెంచానా?" అంది. ఆ వీధిలోకి వచ్చిన ప్రతి ఇన్‌స్పెక్టరుకూ అబద్ధం చెప్పి పంపిన మనిషి కొడుకుతో వారం రోజులు మాట్లాడలేదు.

చెప్పాలంటే కథ మంచిగానే ముగిసింది. కొన్ని నెలలకు ఇల్లు చెల్లెలి పేరున రిజిస్టరైంది. పర్మిట్ గారు ప్లాంటులో లడ్డూలు పంచాడు, చేతులు కడుక్కుని తినమని ఒక్కొక్కరికీ చెప్పి మరీ. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ తనిఖీకీ రిజిస్ట్రేషన్‌కూ మధ్య ఆయన వెళ్ళొచ్చిన సెలవు.

ఆయన నిజంగానే లాడ్జిలో దిగాడు. నువ్వు అమ్మ ఇంట్లో పడుకుంటే ఎవరు చూస్తారన్నా అని రాజన్న వెళ్ళేముందే మొత్తుకున్నాడు. చెల్లెలు ఏడ్చింది. ఆయన వినలేదు. రాసిచ్చిన దానికి విరుద్ధంగా పని చేస్తే పర్మిట్ రద్దు, ఫైలు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది, చెల్లెలి ఇల్లుతో ఆటలాడలేను అన్నాడు. ఊళ్ళో బస్టాండు పక్కన లాడ్జి, అక్కణ్ణుంచి అమ్మ ఇంటికి నడిచి వెళ్ళొచ్చు. ఆయన ఆ వీధిలో అడుగు పెట్టలేదు.

తిరిగొచ్చిన రోజు నేనే ఎయిర్‌పోర్టుకు వెళ్ళాను. కారెక్కుతూనే నవ్వుతూ మొదలుపెట్టాడు. అమ్మ అలిగి రాదనుకున్నాడట. రెండో రోజు మధ్యాహ్నం క్యారేజీ పట్టుకుని లాడ్జికి వచ్చేసింది. మేనేజరు ఆపి, ఎవరమ్మా నువ్వు, పైనున్నాయనకి ఏమవుతావు అని అడిగాడట. నా కొడుకే, వాడిల్లు ఇక్కడే అంటుందేమో, ఆ మాట మున్సిపల్ ఆఫీసు దాకా పోతుందేమోనని ఈయన మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఏమీ కానయ్యా. క్యారేజీ తెచ్చిపెట్టే మనిషిని," అందట అమ్మ. తడబాటు లేదు, పాఠం అప్పజెప్పడం లేదు.

ఆ జవాబు మేనేజరుకు ఎంత నచ్చిందంటే, కూర వాసన చూసి, రేపట్నుంచి నాకూ ఒకటి తెస్తావా అన్నాడు. ఆవిడ సరేనంది. సెలవంతా రోజూ రెండు క్యారేజీలు మోసుకొచ్చింది. పనివాళ్ళు పైకి వెళ్ళకూడదని మేనేజరు రూలు పెట్టాడు. ఈయన పైన గదిలో ఒక్కడే తినేవాడు. ఆవిడ ఖాళీ క్యారేజీ కోసం కింద బెంచీ మీద కూర్చునేది. గోంగూరలో ఉప్పు తక్కువైందని మేనేజరు ఒకరోజు ఆవిణ్ణి కోప్పడ్డాడని చెబుతూ పర్మిట్ గారు పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను.

"బయల్దేరే రోజున నేనే క్యారేజీ కడిగి కిందికి తెచ్చాను బ్రదర్," అన్నాడు. ఎప్పుడు ఊరు వదిలినా అమ్మ ఆయన నెత్తిమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. ఆ ప్రార్థన ఎంత పొడుగంటే రైలు తప్పుతుందేమోనని ఆటోవాడు హారన్ కొట్టేవాడట. ఆ రోజు మేనేజరు కౌంటర్లో కూర్చుని చూస్తున్నాడు. ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు. ఈయన తల వంచబోయి ఆగాడు. ఆవిడ చెయ్యి కూడా సగం దాకా లేచి, క్యారేజీ పిడి పట్టుకుంది.

"'వెళ్ళొస్తానండి, ఆరోగ్యం జాగ్రత్తండి' అని గుమ్మం మెట్లు దిగి వెళ్ళిపోయింది. నన్ను అండీ అంది. మా అమ్మ."

నవ్వుతున్న మనిషి అలాగే ఏడవడం మొదలుపెట్టాడు. నాకూ ఏడుపొచ్చింది. కారు హైవే పక్కకు తీసి ఆపేశాను. అక్కడ ఆపకూడదు. పర్మిట్ గారు ఏమీ అనలేదు.